అళుగాచ్చి వద్దన్న మునియమ్మాళ్

చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది మునియమ్మాళ్. తమిళనాడు రాజపాళయంలో, ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే గుడ్డ నేసే షెడ్డులో చేరి, కూతురు సుగన్యను నర్సుగా చదివించింది. ఇప్పటికీ ఆ షెడ్డుకే వెళ్తుంది. ఆమె నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

ఈ ఏడు మహిళా దినానికి ఊళ్ళో ఒక సంఘం వాళ్ళు ఆమెను ఉత్తమ తల్లిగా ఎంచారు. కార్యదర్శి రాజకుమార్ కెమెరాతో ఇంటికే వచ్చాడు.

“పెద్దమ్మా, పెద్దనాయన పోయిన దినాన్ని తలుచుకొని మాట్లాడండి. కంట్లో నీళ్ళు వస్తే తుడవద్దు.”

“ఆ దినమే ఏడ్చినాను తంబి. నీ కెమెరా కోసరం మళ్ళా ఏడ్చేదా?”

షెడ్డులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టించేదాకా మేనేజరు గది ముందు నుంచి లేవని సంగతి చెప్పింది. మోపెడ్ నేర్చుకుంటూ చోళపురం రోడ్డులో మేకల మందలోకి దూసుకుపోయింది కూడా చెప్పి, కడుపు పట్టుకుని నవ్వింది.

సభ రోజు హాలు నిండిపోయింది. దీపాలు ఆర్పి వీడియో వేశారు. వయొలిన్ మోగింది. కన్నీళ్ళే గంజిగా తాగి బిడ్డను పెంచిన త్యాగమూర్తి అంటూ అరవంలో ఎవరిదో అద్దె గొంతు. ఆమె నవ్విన చోటల్లా కత్తిరించి, కిటికీలోంచి చూస్తున్న ముఖాన్నే పదే పదే చూపించారు. ముందు వరసలో కొంగులు కళ్ళ మీదికి పోయాయి. పక్కన సుగన్య ముక్కు చీదింది. మునియమ్మాళ్‌కు మాత్రం ఎవరో దిక్కులేనిదాని కథ చూస్తున్నట్టుంది. ఒళ్ళు మండింది.

వేదిక మీదికి పిలిచి శాలువా కప్పబోతే చేత్తో ఆపి, మైకు లాక్కుంది.

“ఇది ఒట్టి అళుగాచ్చి!”

హాలంతా గొల్లున నవ్వింది. టీవీ సీరియల్ ఏడుపు సాగదీస్తే ఇంటింటా తిట్టే మాట అది. రాజకుమార్ ముఖం మాడిపోయింది.

“మరియాదగా చేసినాము కదా పెద్దమ్మా, ఇట్లా అంటే ఎట్లా?”

“అరవంలో అళుగై అంటే ఏడుపు. ఆ వెనక ‘ఆచ్చి’ అనే తోక ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. మా షెడ్డులో మాత్రం అది ‘ఆచ్చు’ అంటాము. అయిపోయింది అని. ఏడ్చినది అయిపోయింది, లే, పనికి పో. నా మొగుడు పోయినప్పుడు అట్లా చెప్పే నన్ను లేపినారు. ఏడ్చినాను, లేచినాను, కొట్లాడినాను, నవ్వినాను. మీరు మొదటిది ఒకటే పెట్టుకొని మిగిలినదంతా పారేసినారు. అది నేను కాదు. ఆ వీడియోలో ఉండే ఆమెకే కప్పుకోండి శాలువా.”

మైకు అతని చేతిలో పెట్టి మెట్లు దిగింది. వెనక చప్పట్లు కొన్ని, గుసగుసలు చాలా. ఆ సంఘం ఆమెను మళ్ళీ ఏ సభకూ పిలవలేదు. వీడియోను మాత్రం తీసేయలేదు.

ఆ సాయంత్రం టౌను బస్సులో సుగన్య మూతి ముడుచుకుని కూర్చుంది. “ఇంత మందిలో మానం తీసినావమ్మా.”

“నువ్వు ఎందుకు ఏడ్చినావు?”

“నాయన గుర్తుకు వచ్చినాడు.”

“అది వేరే. దానికి ఎంత కావాలన్నా ఏడువు,” అంది మునియమ్మాళ్, లేచి కిటికీ పక్క సీటు కూతురికి ఇస్తూ.