పలమనేరు గోల్‌కీపరు

ఈ సాయంత్రం చిత్తూరులో చిన్న కాలేజీల హాకీ లీగు ఆట చూసి వచ్చాను. గెలిస్తేనే నా మనవరాలి జట్టు లీగులో మిగులుతుంది. పలమనేరు అమ్మాయిలు పదిమందే వచ్చారు. వాళ్ల గోల్‌కీపరు పోయిన నెల కామెర్లతో చనిపోయింది. ఆ పిల్ల చోట ఈ ఒక్క ఆటకు ఎవరినీ నిలబెట్టం అన్నారు. మావాళ్లు కొట్టిన ప్రతి బంతీ గోలు పక్కనుంచే పోయింది. ఆట సమమైంది. మా జట్టు ఇంటిదారి పట్టింది.

"ఏమే, కాపలా లేని గోల్లోకి కూడా కొట్టలేకపోతిరే. కండ్లు యాడ పెట్టుకోనుండారు?" అన్నాను ఇంటికి రాగానే.

మనవరాలు బూట్లు విప్పుతూ, "ఆ పిల్ల ఉండుంటే ఒక్క బాలన్నా పోనిచ్చేదా అవ్వా?" అంది.

వీధి మొత్తానికీ బదులు చెప్పే నేను, లేచి కాఫీ కలపడానికి పోయాను. మీరైతే కొట్టేవారా?