అమ్మ చెయ్యి సెట్ అయిందా?

మా ఇంట్లో 'సెట్' అనే మాట లేకుండా పూట గడవదు. పాలు తోడుకుంటే పెరుగు సెట్ అయింది. మరమగ్గం తంటా పెట్టకుండా ఆడితే మగ్గం సెట్ అయింది. పిన్ని కొడుక్కి ఇన్నేళ్ళుగా పిల్ల సెట్ కావడం లేదు. నాన్న పడుకునే ముందు నోట్లోంచి తీసి గ్లాసులో వేసేది కూడా సెట్టే. ఈ మాటలో ఒక సుఖం ఉంది. పెరుగు పాడైనా, సంబంధం తప్పినా 'సెట్ కాలేదు' అంటే చాలు, ఎవరి తప్పని ఎవరూ అడగరు. కిందటేడు వానల్లో నేను ఆ సుఖం వెనకాలే దాక్కున్నాను.

అమ్మ పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర జారిపడింది. కుడి మణికట్టు చూస్తుండగానే వాచింది. ఆసుపత్రికి పోదామంటే నాన్న, "మన ఇంట్లో లేని కట్టా?" అన్నాడు. తమిళనాడులోని మా ఊళ్ళో, మా మగ్గాల షెడ్డులో నేసేది బ్యాండేజ్ గుడ్డే. ఎక్కడెక్కడి ఆసుపత్రులకో గుడ్డ పంపేవాళ్ళం, ఒక మణికట్టు కట్టలేమా అని నాకూ పొగరు. చెక్క స్కేలు ఆనించి, కొత్త గుడ్డ చుట్టి, లోపల భయంగానే ఉన్నా నేనే కట్టాను. అమ్మ పళ్ళు బిగపట్టి కూర్చుంది.

నాలుగో రోజుకి వేళ్ళు నల్లబడ్డాయి. అప్పుడు పరుగెత్తాం. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక పక్కకి జరిగిందని, లాగి సరిచేసి పిండికట్టు వేస్తానని, ఆరు వారాల్లో సెట్ అయితే సరే, లేకపోతే కష్టమని తమిళంలో చెప్పాడు. తర్వాత నేను కట్టిన కట్టు విప్పుతూ, ఇది ఎవరు కట్టారని అడిగాడు.

అమ్మ టక్కున, తనే కట్టుకున్నానంది.

"ఒంటి చేత్తోనా?" అన్నాడాయన, నీటుగా వేసిన ముడి చూస్తూ. నేను గోడమీద ఎక్స్‌రే చూస్తూ నిలబడ్డాను. సిగ్గులేని దాన్ని.

ఆ ఆరు వారాలూ నాకు అన్నం సహించలేదు. మగ్గం మీద తెగిన పోగులు ముడివేసే పని అమ్మది. యాభై ఏళ్ళుగా ఆ వేళ్ళు కళ్ళతో పని లేకుండా ముడులు వేశాయి. ఆ చెయ్యి లేకపోతే అమ్మ ఇంట్లో ఏం చేస్తుంది? పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలోనే, "ఏమి, చెయ్యి సెట్ అయినాదా?" అని అడిగేవాళ్ళు. నాకు వాళ్ళ గొంతు పట్టుకోవాలనిపించేది. అమ్మ నిద్రపోయేటప్పుడు పిండికట్టులోంచి బయటికి వచ్చిన వేళ్ళను ముట్టుకుని చూసేదాన్ని, వెచ్చగా ఉన్నాయా లేదా అని.

కట్టు విప్పారు. మణికట్టు కొంచెం వంకరగా నిలిచింది, బొటనవేలూ చూపుడువేలూ కలవలేదు. పొరుగింటావిడ అడిగితే అమ్మ మామూలుగా, "సెట్ కాలేదు, అంతే" అంది. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. ఆ మాట విని నాకు ఊపిరాడింది, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు అమ్మ షెడ్డులోకి వచ్చి ఒక మగ్గం ఆపింది. తెగిన పోగు రెండు కొసలూ పట్టుకుంది. జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. నాలుగోసారికి నేను తట్టుకోలేకపోయాను.

"అమ్మా, సెట్ కాకపోవడం కాదు. నేను కట్టినాను. నా వల్లే."

అమ్మ కొసలు రెండూ నా చేతిలో పెట్టింది. "సరి, ఇది కట్టు. మెల్లగా."

ముడి పడేదాకా అమ్మ చూస్తూనే ఉంది.

"నువ్వు నా చేతికి కట్టేటప్పుడే తెలిసినాది పాపా, బిగువు ఎక్కువైనాదని," అంది. "నువ్వు అంత భయపడి కడతా ఉంటే, విప్పమని ఎట్ల చెప్పేది?"