మడత రాని మునీంద్ర సారు

మునీంద్ర సారుకు కాగితం మడవడం రాదు. అందులో వింతేముంది, లోకంలో చాలామందికి రాదు. కానీ కాడుగోడి దాటాక ఉన్న ఆ ఇంజినీరింగ్ కాలేజీలో ఆయనకు జీతమిచ్చేదే అది నేర్పడానికి.

కత్తెరా జిగురూ లేకుండా ఒట్టి మడతలతో బొమ్మలు చేసే జపాను విద్య ఒరిగామి. దాంతో పిల్లలకు డిజైనూ, నలుగురిని నడిపించే నేర్పూ అబ్బుతాయని చెప్పి చేరాడాయన. ఆయన కొంగను మడిస్తే కుంటికోడి అయ్యేది. కప్పను మడిస్తే లారీ కింద పడ్డ కప్ప అయ్యేది. ప్రతిసారీ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "అరెరె, ఎక్కడో తేడా కొట్టిందప్పా!" అనేవాడు.

శిరీషకు మొదటిరోజే అనుమానమొచ్చింది. ఆ ల్యాబులో అటెండరు ఆమె. బల్లలు తుడవడం, కాగితాలు పంచడం, చెడిపోయిన బొమ్మల్ని బుట్టకెత్తడం ఆమె పని. బుట్టలో సగం సారువే. పదో తరగతితో చదువు ఆగిపోయిన బెరుకు పిల్ల. నోరు తెరిచేది కాదు, కళ్లు మాత్రం తెరిచే ఉంచేది. ఈ క్లాసు ఎత్తేస్తే ల్యాబుకు తాళం పడుతుంది. తన ఉద్యోగానికీ పడుతుంది.

"ఈయప్పకి ఏమీ రాదక్కా," అని ఊడ్చే బాలమ్మ దగ్గర గొణిగింది.

"ఎవురో పెద్దోళ్ల సిఫారసు ఉంటాదిలే. మొన్న మా పిల్లోడికి కాగితం విమానం చేసిచ్చినాడు. అది ఎగరలే, నేరుగా సాంబారులో దిగింది. మావాడే ఇంగోటి సరిగ్గా చేసుకున్యాడు. ఇంగ వాన్ని పట్టేదానికి లేదు!"

సారు క్లాసులో ఒక నియమం ఉండేది. లీడరు కాగితం ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పాలి, మిగతావాళ్లు మడవాలి. రెండు బల్లల నడుమ కాగితం వంతెన నిలపాలి. చైతు అనే కుర్రాడు కాగితం ముట్టుకోకుండా ల్యాప్‌టాప్‌లో కోణాలు లెక్కగడుతూ కూర్చునేవాడు. చాందిని అయితే తన వంతు రాగానే తలవంచుకుని నిలబడేది. గంట కొట్టేదాకా అంతే. సారు ఆమెను ఏమీ అనేవాడు కాదు. పక్కనే కూర్చుని తనూ ఒక వంతెన మడిచి కూల్చుకునేవాడు.

ఒక మధ్యాహ్నం తలుపు తోయబోయి శిరీష ఆగిపోయింది. లోపల సారు ఒక్కడే. ఫోనులో ఇంటావిడతో బీరకాయల చేదు గురించి వాదిస్తూ, కాగితం వంక చూడకుండానే మడిచేస్తున్నాడు. వంతెన నిలబడింది. దాని మీద టిఫిన్ క్యారియర్ పెట్టాడు. పక్కన నీళ్ల సీసా పెట్టాడు. వంతెన చెక్కు చెదరలేదు. తర్వాత దాన్ని నలిపి జేబులో కుక్కుకున్నాడు.

వచ్చు! వచ్చి కూడా రానట్టు నటిస్తున్నాడు!

"కావాలనే క్లాసును ముంచేదానికి చూస్తా ఉండాడక్కా."

"ఇంగో కాలేజీలో పని చూసుకోనుంటాడు," బాలమ్మ తేల్చేసింది. "నువ్వూ చూసుకో మే."

శనివారం డిపార్ట్‌మెంటు హెడ్ సుధీర్ సారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పనికిరాదనిపిస్తే ఆ రోజే క్లాసు మూసేస్తానని ముందే చెప్పేశాడు. లీడరు వంతు చాందినిది. ఎప్పట్లాగే తలవంచుకుంది.

ఈరోజన్నా సరిగ్గా మడవకపోతాడా అని శిరీష బల్ల తుడవడం ఆపి చూసింది. సారు మడిచాడు. వంతెన ఎండకు సొమ్మసిల్లిన గేదెలా కూలబడింది.

"అరెరె, ఎక్కడో తేడా కొట్టిందప్పా!"

ఆయన్ని ఆ కాగితంలోనే చుట్టి బుట్టలో వేయాలనిపించింది శిరీషకు. అప్పుడు గమనించింది. సారు కూలిన వంతెనను చూడటమే లేదు. కళ్లజోడు పైకి తోసి, చాందిని ముఖం చూస్తున్నాడు.

"సార్..." చాందిని గొంతు పెగిలింది. "మధ్యలో ఉండేది లోపలికి పోయే లోయ మడత సార్. మీరు పైకి లేచే కొండ మడత పెట్టినారు."

"కొండా? ఏదమ్మా, ఇదా?"

"అది కాదు సార్, పక్కది! అయ్యో, తిప్పండి సార్! చైతూ, ఆ ల్యాప్‌టాప్ మూసి ఈ అంచు పట్టుకోరా!"

ఆమె చేతులు వెనకే ఉన్నాయి. గొంతు మాత్రం కారిడారు చివరి దాకా పోయింది. సారు తడబడుతూ ఆమె చెప్పినట్టల్లా మడిచాడు. వంతెన నిలబడింది. సుధీర్ సారు నమ్మలేక తన హెల్మెట్ పెట్టి చూశాడు. మోసింది.

సుధీర్ సారు శిరీషను తలుపు దగ్గరికి పిలిచాడు. "రోజూ చూస్తావు కదా, నిజం చెప్పు. మీ సారుకు మడవడం వచ్చా, రాదా?"

పక్కనే చాందిని వంతెన పట్టుకుని వింటోంది. వచ్చు అంటే సారు పరువూ, తన ఉద్యోగమూ దక్కుతాయి. ఆ పిల్ల చేతిలోని వంతెన మాత్రం ఉత్త కాగితమైపోతుంది.

"రాదు సార్," అంది శిరీష, తన గొంతుకు తనే ఉలిక్కిపడి. "ఒక్క మడత కూడా రాదు."

"మరి నేర్పేదెవరు?"

"ఆ పిల్లోళ్లే ఆయనకి నేర్పిస్తా ఉండారు సార్. ఎంత గట్టిగా నేర్పిస్తా ఉండారో ఇప్పుడు ఇన్నారు గదా."

సుధీర్ సారు హెల్మెట్ చంకన పెట్టుకుని చాందిని వైపు చూశాడు, చైతు వైపు చూశాడు. "ఇంకో ఏడాది ఉండనీ," అన్నాడు చివరికి. "అప్పటికైనా ఆయనకు వస్తుందేమో."

ఆయన వెళ్లిపోగానే చాందిని మునీంద్ర సారు దగ్గరికి నడిచింది. "బాధపడద్దు సార్. సోమవారం లంచ్ టైములో కూర్చోండి, నేను నేర్పిస్తా."

"నిజంగానా తల్లీ?" అన్నాడు సారు, ఎంతో వినయంగా. "ఓపిగ్గా చెప్పాలి మరి. నాకు అంత తొందరగా ఎక్కదు."