గడ్డి దుడ్డె

ఫలక్‌నుమా స్టేషన్ వెనక, పట్టాలకు ఆనుకొని వరమ్మ బర్ల కొట్టం. దుడ్డె చచ్చిపోతే తల్లిబర్రె పాలు చేపదు. పొదుగు బిగబట్టి నిలబడుతుంది. అప్పుడు వరమ్మ చచ్చిన దుడ్డెను ఖలీల్ భాయ్‌కి పంపేది. అతను తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి, కుట్టి తెచ్చేవాడు. దాన్ని మూతి ముందు నిలబెడితే బర్రె వాసన చూసేది, నాకేది. పాలు దిగేవి.

"నీ బర్లు నన్ను చూస్తే తంతయి వరమ్మా. నేనేమన్న చంపిన్నా? కుట్టుడే నా పని."

"కుట్టినోన్నే యాదికుంచుకుంటయి భాయ్. చాయ్ తాగి పో."

కాపురానికొచ్చిన కొత్తలో ఆమె మామ ఈశ్వరయ్యను అడిగింది, బర్రెకు తెలువదా అని. ముసలాయన పాలు పిండుతూనే కృష్ణుడి కథ చెప్పాడు. బ్రహ్మ ఒకనాడు లేగల్ని, వాటిని కాసే పిల్లల్ని ఎత్తుకుపోయి దాచాడు. కృష్ణుడే అన్ని లేగలూ, అందరు పిల్లలూ అయి సాయంత్రం ఇళ్లకు పోయాడు. ఏడాది పొడుగునా ఒక్క తల్లీ ఇదేమని అడగలేదు. ముందటికన్నా ఎక్కువ ముద్దు చేశారు.

"ఒక్కతికి గూడ తెలువలేదా మామా?"

"తెలిసే ఉంటది బిడ్డా. పొదుగు నిండితే నొస్తది గదా."

ఈశ్వరయ్య పోతూ కొట్టం జాగాను మనవడు, వరమ్మ కొడుకు సాగర్ పేర రాశాడు. వరమ్మ మొగుడు అప్పటికే లేడు. సాగర్‌కి మీసాలు మొలిచే వయసులో, ఒక పొద్దున చిన్నాయన బాలనర్సింహ వెంట బర్లకు మేత, సొప్ప తేవడానికి వ్యాన్‌లో పోయాడు. వ్యాన్ తిరిగొచ్చింది. "నడుమల దిగిపోయిండు వదినా. పెండ ఎత్తుడు నాతోని కాదు, బొంబాయి పోతనన్నడు," అన్నాడు బాలనర్సింహ. ముందురోజే పెండ దగ్గర తల్లితో లొల్లి పెట్టుకున్నాడు కాబట్టి అందరూ నమ్మారు. వరమ్మ కూడా నమ్మింది.

ఏళ్లు గడిచాయి. చుట్టూ మేడలు లేచి జాగాకు గిరాకీ వచ్చింది. కొడుకు చచ్చిపోయాడని రాసిస్తే అమ్ముకోవచ్చన్నాడు మరిది. ఆమె రాసివ్వలేదు.

ఈ వానాకాలం అతనే ఒక పిల్లగాణ్ణి తోడుకొని వచ్చాడు.

"వదినా, ఎవరొచ్చిండ్రో చూడు."

పిల్లగాడు చొక్కా ఎత్తాడు. మొలతాడుకు సాగర్ వెండి బిళ్ల. బర్రె తొక్కితే సొట్టపోయిన బిళ్ల. వరమ్మ ఆ సొట్ట మీద వేలు పెట్టి తడిమింది.

సాగర్‌కి మీగడంటే వాంతి. వీడు గిన్నె అడుగు గీకి తిన్నాడు. సాగర్ బర్ల కాళ్ల సందున పెరిగాడు. వీడు బర్రె తోక ఆడిస్తే ఎగిరి దూకుతున్నాడు. మొదటి రోజే తెలిసింది. అయినా పొద్దున్నే రెండు గ్లాసులు కడిగి పెట్టింది. వాడు నిద్రపోతుంటే దుప్పటి సరిచేసింది.

"బుధవారం రిజిస్ట్రేషన్," అన్నాడు బాలనర్సింహ. "పిల్లగాడు సంతకం పెడ్తడు. నా కొడుకే అని నువ్వొక్క మాటంటే అయిపాయె. జల్‌పల్లిల కొత్తిల్లు కట్టిస్త. ఏం ఫికర్ చెయ్యకు."

మంగళవారం మధ్యాహ్నం ఖలీల్ భాయ్ ఒక గడ్డి దుడ్డెను చంకన పెట్టుకొచ్చాడు. పిల్లగాడు వింతగా చూశాడు.

"బొమ్మనా?"

"బొమ్మ కాదు బేటా. తోలు అసలుదే. వేరేదాని తోలు తెస్తే బర్రె మూతి తిప్పుకుంటది. ఆ దుడ్డె చస్తెనే ఈ దుడ్డె."

వరమ్మ చేతిలో తవుడు చాట అట్లాగే ఆగిపోయింది. ఆమె కళ్లు పిల్లగాడి నడుము దగ్గరికి పోయాయి. బతికున్న మగవాడు మొల బోడిగా ఉంచుకోడు. కొత్త తాడు కట్టుకున్నాకే పాతది తెంపుతాడు, బిళ్లను దానికి మార్చుకుంటాడు. ఒకరి ఒంటి మీది బిళ్ల ఇంకొకరి ఒంటి మీదికి వచ్చిందంటే, మొదటివాడికి కట్టుకోవడానికి ఒళ్లు లేదు.

ఖలీల్ పోయాక పిల్లగాడికి అన్నం పెట్టి ఎదురుగా కూచుంది.

"నీ పేరేంది?"

"సాగర్."

"అమ్మానాయన పెట్టిన పేరు."

వాడు ముద్ద మింగాడు. "నందు. వాళ్లు లేరు. యాకుత్‌పురాల ఫంక్షన్ హాల్‌ల పళ్లాలు కడుగుత."

"బిళ్ల?"

"చిన్నాయన ఇచ్చిండు. పని అయినంక వాపస్ ఇయ్యమన్నడు."

"ఎక్కడిదని అడగలె?"

"అడగలె."

వరమ్మ పప్పు వడ్డించింది. "బర్రె వట్టిపోయినంక గడ్డి దుడ్డెను ఏం జేస్తమో ఎరుకేనా నందూ?"

"ఏం జేస్తరు?"

"పెంటల పారేస్తం."

వాడు పళ్లెం పక్కకు జరిపాడు.

బుధవారం ఆఫీసులో గుమాస్తా కాగితాలు సర్ది తలెత్తాడు. "ఈయన మీ కొడుకేనా అమ్మా?"

బాలనర్సింహ నవ్వు మొహంతో ఆమె పక్కనే నిలబడ్డాడు. అవునంటే కాగితం మీద సాగర్ బతికినట్టే. బతికినవాడి కోసం ఎవరూ వెతకరు. కాదంటే ఇన్నేళ్లు ఆమె నోట రాని మాట ఇప్పుడు అనాలి.

"ఏమ్మా?"

"కాదు సారూ," అంది వరమ్మ. "నా కొడుకు చచ్చిపోయిండు."

"వదినకు తబియత్ మంచిగ లేదు సార్," అన్నాడు బాలనర్సింహ. అప్పుడు నందు చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి తాడు పుటుక్కున తెంపాడు. బిళ్లను బల్ల మీద పెట్టాడు.

"గీయనే ఇచ్చిండు సార్. ఎక్కడిదో గీయన్నే అడుగుండ్రి."

పోలీస్ స్టేషన్‌లో బాలనర్సింహ కొన్నాళ్లకు ఒప్పుకున్నాడు. జల్‌పల్లి దాటాక పాడుబడ్డ రాతి క్వారీ చూపించాడు. వరమ్మను ఒడ్డున కూచోబెట్టారు. మధ్యాహ్నానికి నీళ్లు తోడేసి, బురదలోంచి తీసినవి నీలం పట్టా మీద పరిచారు.

"దగ్గరికొచ్చి చూడమ్మా. గుర్తుపడ్తవా?" అన్నాడు ఎస్సై.

ఆమె గొంతుక్కూర్చుంది. చానాసేపు చూసింది. పుర్రె ఉంది. పొడుగు ఎముకలున్నాయి. ఒక చెప్పు ఉంది, ఎవరికైనా ఉండే చెప్పు. వచ్చినవాడు కాడని ఒక్క పూటలో తెలిసింది. వీడు అవునో కాదో తెలియడం లేదు.

"తెలుస్తలేదు సారూ."

"ఫరవాలేదమ్మా. నీ రక్తం తీస్తరు. దాంతోని చూస్తరు."

మర్నాడు దవాఖానలో నర్సు రమ్మంది. వరమ్మ బల్ల మీద కూచుని, కొంగు పక్కకు జరిపి, చెయ్యి చాపింది.