మెల్లగా కొట్టడం నేర్చుకున్న చేయి

మా చిన్నప్పుడు... చందానగర్ క్వార్టర్స్‌లో బోరింగు కొట్టి గంగాళం నింపే పని నాది. పిండి రుబ్బడం, తడి దుప్పట్లు పిండటం కూడా నావే. అన్నయ్యకు మాత్రం నాన్న రబ్బరు బంతి కొనిచ్చారు... గుప్పిట్లో పెట్టి నొక్కితే మణికట్టు గట్టిపడి టెన్నిస్ బాగా వస్తుందని!

క్వార్టర్స్ వెనక సిమెంటు కోర్టు ఉండేది. అన్నయ్యకు ప్రాక్టీసు కావాలి కాబట్టి ఎదురుగా నన్ను నిలబెట్టారు. నేను కొట్టిన బంతి తగిలితే వాడి చేతిలో రాకెట్టు తిరిగిపోయేది.

"రాక్షసీ! ఇది టెన్నిసా, బట్టలుతకడమా?" అని అరిచేవాడు.

"మెల్లగా కొట్టమ్మా... వాడికి ధైర్యం పోతుంది," అనేవారు నాన్న.

మెల్లగా కొట్టాను. రెండేళ్లు... మణికట్టు బిగబట్టి, బంతిని వాడి ముందుకు అందంగా అందించడం నేర్చుకున్నాను. నాన్న మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు ఇష్టంగానే ఉండేది... అదే ఇప్పటికీ మింగుడుపడదు.

తొమ్మిదో తరగతిలో అమ్మాయిల జట్టుకు ఎంపిక పెట్టారు. ఖాళీ ఒక్కటే. అది నాకెంత కావాలో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఆపుకోనక్కర్లేదు అనుకుంటూ దిగాను.

చేయి వినలేదు. బంతి దగ్గరికొచ్చేసరికి దానంతటదే మెత్తబడిపోయింది. ఒకసారి పంతంగా కొడితే కంచె దాటిపోయింది... తర్వాత మళ్ళీ మెత్తగానే.

డ్రిల్లు సారు వచ్చి, తన వేళ్లు గట్టిగా పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

"అబ్బా, ఇడువు బిడ్డా! చేతిల గింత బలం పెట్టుకొని గట్ల కొడ్తవేంది? భయమైతుందా?"

భయమో, అలవాటో... నాకే తెలియలేదు. వేరే అమ్మాయిని తీసుకున్నారు.

స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్తూ నాన్న ఓదార్చారు. "పోనీలే అమ్మా... ఆడపిల్లల చేతుల్లో అంత బలం ఎక్కడుంటుంది!"

ఇంటికి చేరగానే బోరింగు కొట్టి గంగాళం నింపాను.

ఇప్పుడు హైటెక్ సిటీ ఆఫీసు నుంచి నిజాంపేట చేరేసరికి, మా అపార్ట్‌మెంటు కోర్టులో ఆడపిల్లలు అరుస్తూ మరీ కొడుతుంటారు. వాళ్ల కోచ్ దగ్గర పిడికిలి పట్టు కొలిచే మిషను కూడా ఉంది. చూడ్డానికి సంతోషంగానే ఉంటుంది... కాసేపు.

నాన్న మాత్రం చుట్టాలొస్తే ఇప్పటికీ, "మా అమ్మాయికి ఆటంటే ప్రాణమండి, పాపం ఒంట్లో శక్తి చాలలేదు" అంటారు. పక్కనే కూర్చుని వింటాను. ఈ వయసులో ఆయన్ని బాధపెట్టడమెందుకని ఊరుకుంటున్నానా, చెప్పినా నమ్మరనా... ఏమో.

మీ ఇంట్లో మీ గురించి ఇలా నిజమైపోయిన అబద్ధం ఏదైనా ఉందా? ఎప్పుడైనా కాదని చెప్పగలిగారా?