భరత్‌పూర్‌లో రాహుకాలం

నా భార్య ఇరవై ఆరేళ్లుగా పటమటలో ఒక బడిలో సైన్సు చెబుతోంది. సారస పక్షుల జంట గురించి ఏటా పిల్లలకు చెప్పడమేగాని కళ్లతో చూసింది లేదు. అందుకే మొన్న డిసెంబరులో భరత్‌పూర్ వెళ్లాం. మొదటిరోజు కోటకూ, రాజుల మహలుకూ సరిపోయింది. పక్షులకు మిగిలింది సోమవారం ఉదయం ఒక్కటే. ఒంటిగంటకు తిరుగు రైలు.

పంచాంగం లెక్కలు నేను సొంతంగా నేర్చుకున్నవే. క్యాలెండర్‌లో అచ్చువేసే రాహుకాలం నాకు నచ్చదు. పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకేదాకా ఎనిమిది భాగాలు చేస్తాను. సోమవారమైతే రెండో భాగం రాహుకాలం. బయలుదేరే ముందు ఇంట్లోనే లెక్కకట్టి చిన్న పుస్తకంలో రాసుకున్నాను: ఏడు యాభై ఎనిమిది నుంచి తొమ్మిది ఇరవై రెండు.

లాడ్జిలో మేం తయారయ్యేసరికి ఎనిమిదీ ఐదు.

"ఇప్పుడు గడప దాటకూడదు" అన్నాను.

"పక్షులు కూడా మీ పుస్తకం చూసే ఎగురుతాయా అండీ?"

"గంటంబావు ఆగితే ఏం పోతుంది?"

"రైలు పోతుంది" అని శాలువా కప్పుకుని మంచం మీద కూర్చుంది.

తొమ్మిదీ ఇరవై మూడుకు బయటపడ్డాం. పక్షుల అడవిలోకి తీసుకెళ్లిన రిక్షా అతను హిందీలో ఏదో అన్నాడు. నాకు హిందీ అంతంతమాత్రం. ఆమే చెప్పింది: "ఎనిమిదిన్నరకు సారసలు రెండూ ఈ రోడ్డు పక్కనే మేస్తున్నాయట." ఆ మాట చెప్పి, ఖాళీగా ఉన్న రోడ్డు పక్కకే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

లోపల ఒకచోట రాతిపలక ఉంది. రాజులు ఏ వేటలో ఎన్ని బాతులు కొట్టారో దానిమీద చెక్కారు. ఆమె ముఖం చూడలేక ఆ అంకెలు కూడుతూ నిలబడ్డాను. సగంలో ఆగిపోయాను. పొద్దున ఏడింటికి కిటికీలో ఇంకా మసకచీకటే. మంచు అనుకున్నాను. ఇక్కడ పొద్దు ఎప్పుడు పొడుస్తుందని రిక్షా అతన్ని అడిగించాను. ఏడు దాటాక అన్నాడు. నేను లెక్కకు తీసుకున్నది బెజవాడ సూర్యోదయం!

ఫోన్‌లో ఈ ఊరి ఉదయాస్తమయాలు చూసి అక్కడే మళ్లీ కట్టాను. ఎనిమిదీ ఇరవై ఎనిమిది నుంచి తొమ్మిదీ నలభై ఆరు. అంటే నేను ఆపిన సమయం మంచిది, బయల్దేరదీసింది రాహుకాలంలో. పక్షులు తప్పిపోయింది రాహుకాలం వల్లా, నా లెక్క వల్లా? మొదటిదే అయితే శాస్త్రం నిలిచినట్టు. కానీ లెక్కే చూడకపోతే మంచి సమయంలోనే వచ్చేవాళ్లం. ఎటు కూడినా పొసగలేదు. దాచలేక చెప్పేశాను.

"అంటే రాహుకాలం వచ్చేదాకా కూర్చోబెట్టి మరీ తీసుకొచ్చారన్నమాట!" నవ్వింది, కానీ నవ్వు నిలవలేదు. "రైలు సంగతి మీరు చూసుకోండి. నేను నడుస్తాను."

గట్టు వెంట చాలాదూరం నడిచాం. పదకొండు దాటాక, నీళ్లకు అవతల మంచులో, పొడుగ్గా రెండు బూడిదరంగు ఆకారాలు కనిపించాయి. రిక్షా అతని బైనాక్యులర్స్‌లో ఆమె చాలాసేపు చూసింది.

"అవేనండీ" అంది మెల్లగా.

నేనూ చూశాను. నాకు రెండు గుంజల్లా ఉన్నాయి. "తల ఎర్రగా కనిపించిందా?"

"పరీక్ష పెట్టకండి. చూడండి."

మళ్లీ చూశాను. ఒకటి వంగినట్టుంది. వంగింది పక్షో, కదిలింది మంచో తెలియలేదు. బైనాక్యులర్స్ ఆమెకు తిరిగి ఇచ్చి, గడియారం ఉన్న చేతిని జేబులో పెట్టుకున్నాను.