ఇద్దరుంటేనే ఎక్కనిచ్చే పడవ

మా వీధికి చేపలు తెచ్చే అత్త పోయింది. గురువారం పొద్దున్న ఆమె కోడలు తట్ట లేకుండా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "మా అత్త నిద్దర్లోనే ఎల్లిపోనాదమ్మా. రోజూ సేపలు కొనేవోలు గదా, సెప్పాలని వొచ్చినాను" అంది.

అత్త అంటే చుట్టరికం కాదు. ఆనందపురం దగ్గర పల్లె నుంచి ఉద్యోగానికి విశాఖ వచ్చిన కొత్తలో, వంజరం ముక్కలు ఎలా కోయించుకోవాలో కూడా తెలియని నన్ను చూసి ఆమే ఆ వరస కలిపింది. నేను ఒక్కదాన్నే ఉంటానని తెలిసినా పెళ్ళి మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి మాత్రం అడిగింది.

"ఆదివారం ఏటి సేత్తావ్ పాపా?"

"పార్కుకెళ్తానత్తా."

"ఎవలతోటి?"

నేను తట్టలోని చేపని అటూ ఇటూ తిప్పి చూశాను. ఆ ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు పక్కన పాత పార్కు గేటు దగ్గర ఆమె ఉతికిన చీర కట్టుకుని నిలబడి ఉంది. అలా మొదలై నాలుగేళ్ళు సాగింది.

ముంతమసాలాలో ఉల్లిపాయ ముక్కలు ఏరి నా పొట్లంలో వేసేది. స్కేటింగ్ చేసే పిల్లలెవరైనా పడితే కంచె ఇవతల నుంచే, "లెగు లెగు, నేలకి దెబ్బ తగల్నేదులే!" అని కేకేసేది. పిల్లలు ఏడుపు మరిచి నవ్వేవారు. పడవలుండే చెరువు వైపు మాత్రం వచ్చేది కాదు. ఆమె భర్త వేటకెళ్ళాడు. పడవ ఒక్కటే దొరికింది. అప్పట్నుంచి హార్బరులో చేపలు కొనడమే గానీ, ఆమె నీళ్ళలో కాలు పెట్టలేదు.

నాకు ఆ తొక్కుడు పడవ ఎక్కాలని ఎన్నాళ్ళుగానో కోరిక. అత్త పార్కుకి రావడం మొదలవ్వకముందు మూడుసార్లు వెళ్ళి అడిగాను. టిక్కెట్లిచ్చే పెద్దాయన ప్రతిసారీ, "ఇద్దరుండాలమ్మా, ఒక్కరిని పంపం" అనేవాడు. ఒకరోజు ఆ సంగతి నవ్వుతూనే అత్తకి చెప్పాను. ఆమె నవ్వలేదు. పొట్లం మడిచి లేచింది.

"పద, పడవెక్కుదాం."

"వద్దత్తా, నీకు భయం కదా."

"నా బయం నాకు తెల్సు. నువ్వు పద."

పడవలో కాలు పెట్టేటప్పుడు నా మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగబడ్డాయి. పడవ ఊగింది. కూర్చుని కళ్ళు మూసుకుంది. వెనక్కి వెళ్ళిపోదామన్నాను. "తొక్కు" అంది.

చెరువు మధ్యకొచ్చాక కళ్ళు తెరిచి, వేలు నీళ్ళలో ముంచి నాలిక్కి రాసుకుంది.

"ఉప్పు నేదు" అంది.

కాసేపటికి తనే చెప్పింది. "ఒడ్డుకొచ్చీటప్పుడు మా ఆయన కేకేసేవోడు పాపా. ఆ కేక ఇన్నాకే పొయ్యెలిగించేదాన్ని. ఆ పొద్దు పిల్లలు ఆకలన్నారని ముందే ఎలిగించీసినాను. ఈ మాట ఇన్నేళ్ళూ ఎవలికీ సెప్పనేదు."

ఇద్దరం తొక్కుతూనే ఉన్నాం. టైమైందని ఒడ్డు మీంచి ఈల వేశారు. "ఇంకో సుట్టు!" అని అత్త గట్టిగా అరిచింది.

దిగాక చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ అంది: "ఒకలు పిలిత్తే గానీ ఇంకొకలు రారు పాపా. పిలవాల."

నేను ఆమెను ఒక్కపూటైనా మా ఇంటికి భోజనానికి పిలవలేదు. వారం వారం కలుస్తున్నాం కదా అనుకున్నాను.

కబురు తెలిసిన రోజే వాళ్ళింటికెళ్ళాను. ఆదివారాలు మేమిద్దరం పార్కులో గడిపేవాళ్ళమని చెబితే కోడలు తెల్లబోయింది.

"పార్కుకా? మాకు సింహాచలం ఎల్తన్నానని సెప్పీది!"

గోడ పక్కన కూర్చున్న ముసలమ్మ ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. మొగుణ్ణి సముద్రానికిచ్చిన మనిషి పార్కులో షికారు చేస్తోందంటే నలుగురూ ఏమంటారోనని కాబోలు, దాచింది. నాకోసం నాలుగేళ్ళు దేవుడి పేరు చెప్పి అబద్ధమాడింది.

ఈ ఆదివారం కూడా వెళ్ళాను. పచ్చిక మీద కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని కూర్చున్నాయి. ఎక్కడ కూర్చోవాలో తోచక కాలిబాట మీదే నిలబడిపోయాను. అప్పుడే పిల్లల రైలు కూత వేస్తూ వచ్చింది. అందులోని పిల్లలు కనబడిన వాళ్ళందరికీ చేతులూపుతున్నారు. నాకూ ఊపారు. నేనూ చెయ్యెత్తాను. రైలు సరుగుడు చెట్ల వెనక్కి వెళ్ళిపోయినా చాలాసేపు దించలేదు.